మూతి పైకి

మా అమ్మ కాళ్ళతో చూసేది. ఏట్లో నడుము లోతు నీళ్ళలో నిలబడి, తలెత్తి ఎటో చూస్తూ, ఒక్కో అడుగే జరుపుకుంటూ పోయేది. పాదం కింద ఉన్నది రాయో, ఖాళీ చిప్పో, బతికున్న ఆల్చిప్పో వంగకుండానే ఆవిడకు తెలిసిపోయేది. బతికినదైతే వేలు తగలగానే నోరు మూసుకుంటుందట, ఆ చిన్న అదురు పాదానికి అందుతుందట. నాకెప్పుడూ అందలేదు. గుండీల కార్ఖానా నడిచిన రోజుల్లో ఆవిడ చిప్పను కాలివేళ్ళ మధ్య ఇరికించి పైకి లేపి, భుజానికున్న సంచిలో వేసుకునేది. మధ్యాహ్నానికల్లా సంచి నిండేది.

నా పని ఒడ్డున. ఆరేళ్ళప్పటి నుంచీ అదే. అమ్మ సంచి బోర్లిస్తే నేను చిప్పల్ని పెట్టెల్లో సర్దాలి. ఆల్చిప్ప నీళ్ళు పీల్చే కొనను మేం మూతి అంటాం. ఆ మూతి కిందికి ఉండేలా, ఒకదానికొకటి ఆనించి, నిలువుగా వరుసలు పేర్చాలి. అలా పెడితే కడుపులోని నీళ్ళు కారిపోతాయి, ఉడకబెట్టేదాకా కంపు కొట్టవు. ఒక్కటి తిరగేసి పెట్టినా మేస్త్రీ పెట్టె మొత్తం నా ముందే కుమ్మరించి మళ్ళీ సర్దించేవాడు. పన్నెండేళ్ళు సర్దాను. ఆఖర్లో కళ్ళు మూసుకుని సర్దేదాన్ని. నాకు పద్దెనిమిది వచ్చేసరికి ఏట్లో చిప్పలు అడుగంటాయి, కార్ఖానా మూతపడింది. అయినా అమ్మ రోజూ ఏట్లో దిగడం మానలేదు.

నేను చెప్పేది ఆ తర్వాత నాలుగేళ్ళకు వచ్చిన ఎండాకాలం సంగతి.

ఆ ఎండాకాలం మొదట్లో ఒకావిడ మా ఇంటికి వచ్చింది. ఎండకు కమిలిన ముఖం, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో అడుగున అద్దం బిగించిన డబ్బా. ఏట్లో ఆల్చిప్పలు ఇంకా ఎన్ని మిగిలాయో చూడడానికి వచ్చానంది. వాటిని బతికించే పని మీద ఉన్నానని కూడా అంది. నాన్న గుమ్మంలో కూర్చుని దగ్గుతూ నవ్వాడు. ఆయన ఇరవై ఏళ్ళు కార్ఖానాలో చిప్పల నుంచి గుండీలు కోసి, ఆ పొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మంచానికీ గుమ్మానికీ మధ్యే ఆయన తిరుగుడంతా. నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"సరైన ఇంటికే వచ్చారమ్మా. వాటిని చంపినవాళ్ళం మేమే. ఎక్కడెక్కడ ఉంటాయో మాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

అమ్మ ఆయన్ని ఉరిమి చూసింది. వచ్చినావిడ మాత్రం నవ్వలేదు. "అందుకే వచ్చానండీ" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆవిడ పేరు చిప్పల మేడమ్.

వారం రోజులు అద్దం డబ్బాతో వెతికి మేడమ్ నలభై చిప్పలు కనిపెట్టింది. అమ్మ పొద్దున్నే ఏట్లో దిగి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఒడ్డెక్కి, "రెండొందల పద్నాలుగు" అంది. అన్నీ ఒకేచోట, వంపు దగ్గర ఇసుక మేటలో ఉన్నాయి. మేడమ్ గబగబా ఆవిడ దగ్గరికి వచ్చింది.

"చిన్నవి ఎన్ని అమ్మా?"

"చిన్నవి లేవు. అన్నీ ముసలివే."

మేడమ్ ఒడ్డున చతికిలబడింది. ఒక చిప్పను తెప్పించుకుని, వీపు మీది గీతల్ని గోటితో చూపించింది. గీతకొక ఏడాది. అక్కడున్న వాటిలో అన్నిటికంటే చిన్నదానికి నలభై ఒక్క గీతలున్నాయి. అంటే నలభై ఏళ్ళుగా ఆ ఏట్లో ఒక్క పిల్ల కూడా బతికి బట్టకట్టలేదు. పిల్లలు పుట్టగానే ఒక రకం చేప మొప్పలకు అతుక్కుని కొన్నాళ్ళు బతకాలట. పైన ఆనకట్ట కట్టాక ఆ చేప ఇటు రావడం మానేసింది.

"మీ తప్పు ఒక్కటే కాదమ్మా" అంది మేడమ్, ఓదార్పుగా.

అమ్మ తడిచీర పిండుకుంటూ తల ఊపింది. మా ఇంటి మెట్లెక్కుతూ, "ఒక్కటే కాదంటే, మనదీ ఉందనేగా" అంది.

మేడమ్ ఆలోచన ఇదీ. పట్నం అంచున ఆవిడకు ఒక హేచరీ ఉంది. అందులో తొట్లు, ఆ తొట్లలో ఆ రకం చేపలు. ఎండాకాలం చివరికి ఆడచిప్పల కడుపులో పిల్లలు పండుతాయి. అప్పుడు వాటిని తీసుకెళ్ళి ఆ చేపల మొప్పలకు పట్టించాలి. చేపల నుంచి రాలిన పిల్లల్ని పెంచి, పెద్దవయ్యాక మళ్ళీ ఏట్లో వదలాలి. దీనికంతటికీ మేటలోని ముసలివి అప్పటిదాకా ప్రాణాలతో ఉండాలి. హేచరీలో ఒక మనిషి కావాలి, ఉద్యోగం నీకే ఇప్పిస్తానని మేడమ్ నాతో అంది. నాలుగేళ్ళుగా నేను బట్టల దుకాణంలో మడతలు పెడుతున్నాను. చేతులు ఖాళీగా లేవన్న మాటే గానీ, బతుకు ఎక్కడిదక్కడే ఉంది.

నాన్నకు చెబితే, "ఇన్నాళ్ళూ చిప్పల్ని చంపి తిన్నాం. ఇక వాటిని సాకి తిందాం. మన చేతికి చిప్పలు కొత్తా ఏమిటి" అన్నాడు. అంటూనే దగ్గు తెర ముంచుకొచ్చి, అమ్మ వీపు రాస్తూ ఉంటే కళ్ళలో నీళ్ళతో నవ్వాడు. ఆ ఉద్యోగం వస్తే ఆయన్ని మంచి డాక్టరుకు చూపించాలని నేను మనసులో అప్పుడే అనుకున్నాను.

ఎండలు ముదిరిన మూడో వారంలో ఆనకట్ట తలుపుల మరమ్మతు మొదలుపెట్టి నీళ్ళు ఆపేశారు. ఎవరికీ చెప్పలేదు. పొద్దున నడుము లోతున్న నీళ్ళు రెండో రోజుకు మోకాళ్ళ దాకా దిగిపోయాయి. మూడో రోజుకు మేట అంచున కొన్ని చిప్పల వీపులు గాలికి బయటపడ్డాయి. నీళ్ళు వేడెక్కి, చెయ్యి పెడితే చురుక్కుమంటున్నాయి. మేడమ్ ఫోను చెవి నుంచి దించకుండా ఒడ్డున అటూ ఇటూ తిరుగుతోంది. అవతలివాళ్ళు ఏమంటున్నారో ఆవిడ ముఖం చూస్తేనే తెలిసిపోతోంది.

"తరలించాల్సిందే" అంది చివరికి. "కింద మడుగులో నీళ్ళు చల్లగా ఉన్నాయి. అక్కడ నాటుదాం."

అమ్మ రెండు రోజులు ఆ మేటంతా కాళ్ళతో గాలించి రెండొందల పద్నాలుగూ తీసింది. ఒక్కటీ వదల్లేదు. వాటిని ఏటి నీళ్ళ తొట్లలో తడిగుడ్డలు కప్పి ఉంచాం. కడుపు ముందే పండిన ఒక ఆడచిప్ప తొట్లోనే పిల్లల్ని విడిచిపెడితే, మేడమ్ వాటిని సీసాలో పట్టి అప్పటికప్పుడే హేచరీకి పంపింది. మిగతావాటికి ఇంకా నెల పైన పడుతుందని చెప్పింది.

నాటడం మూడో రోజు. మేడమ్ నాతోపాటు మడుగులో దిగి, ముప్పై చిప్పల దాకా తన చేత్తో నాటి చూపించింది. ఇసుకలో సగం దిగేలా గుచ్చాలి. చుట్టూ గులకరాళ్ళు బిగించాలి, లేకపోతే తలుపులు ఎత్తినప్పుడు వచ్చే నీటి ఉరవడికి కొట్టుకుపోతాయి. అన్నీ అయ్యాక పైన వల కప్పాలి.

"ఒక్కటి గుర్తుపెట్టుకో. మూతి పైకి" అంది.

"పైకి" అన్నాను నేను.

అంతలో ఆనకట్ట ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. కొంచెమైనా నీళ్ళు వదలమని పెద్దాయన్ని బతిమాలడానికి మేడమ్ తడిబట్టలతోనే బండెక్కి వెళ్ళిపోయింది. ఒడ్డున అమ్మ, నీళ్ళలో నేను మిగిలాం. రెండు రోజులు నీళ్ళలో నానిన అమ్మకు నడుము పట్టేసింది. ఆవిడ తొట్ల నుంచి చిప్పలు తీసి గంపలో వేసి నాకు అందిస్తోంది, నేను నాటుతున్నాను. కాసేపటికే నీళ్ళు బురదతో చిక్కబడ్డాయి. మోచేతుల కింద ఏమీ కనిపించడం లేదు. నెత్తిన ఎండ మాడ్చేస్తోంది. తొట్లలో ఉన్నవి ఉడికిపోతాయేమోనని ఇద్దరికీ ఒకటే కంగారు.

"కానియ్యి, కానియ్యి" అంటోంది అమ్మ.

నా చేతులు బాగా ఆడాయి. అది మాత్రం నాకు గుర్తుంది. నాలుగేళ్ళ తర్వాత చేతుల్లోకి మళ్ళీ చిప్పలు వచ్చాయి. చూడక్కర్లేదు, ఆలోచించక్కర్లేదు. తీసుకోవడం, మణికట్టు తిప్పడం, గుచ్చడం, రాయి బిగించడం. గంప తర్వాత గంప. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

సాయంత్రం మేడమ్ వచ్చేసరికి వల కూడా కప్పేశాం. ఆవిడ వెళ్ళిన పని కాలేదు. అయినా అద్దం డబ్బా నీళ్ళ మీద ఆనించి, తేరుకున్నంత మేర చూసి, "అబ్బ, వరుసలు ఎంత చక్కగా ఉన్నాయి! ఎవరి పనితనం?" అంది. రాళ్ళ మధ్య సగం దిగబడ్డ చిప్పకు పైకి కనిపించేది ఏ కొనో పైనుంచి చూస్తే తేలదు.

"మా ఇద్దరిదీ" అంది అమ్మ. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ, "ఒక్కసారి పైన నడిచొస్తానమ్మా, సరిగ్గా ఉన్నాయో లేదో చూసి" అని నీళ్ళలోకి అడుగు వేయబోయింది.

మేడమ్ కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దమ్మా! ఇప్పుడే నాటాం. తొక్కితే ఇంకా దెబ్బతింటాయి. ఇరవై రోజులు ఎవరూ అందులో కాలు పెట్టకూడదు."

"నా కాలు తగిలితే ఏమీ కాదమ్మా."

"మీ కాలే అయినా వద్దు."

అమ్మ కాలు వెనక్కి తీసుకుంది. చిన్నబుచ్చుకుంది కూడా. ఇంటికొచ్చాక, "చూడకుండా వదిలేసిన పని పనేనా" అని రెండుసార్లు అంది. నాన్న, "చదువుకున్నావిడ చెప్పింది గదే, ఊరుకో" అన్నాడు.

ఆ ఇరవై రోజులూ నేను మహా సంతోషంగా ఉన్నాను. సిగ్గుగానే ఉంది చెప్పడానికి. దుకాణం మానేశాను. రోజూ హేచరీకి వెళ్ళి తొట్లు కడిగాను, చేపలకు మేత వేశాను. తొట్లోనే విడిచిన ఆ ఒక్క ఆడచిప్ప పిల్లలు చేపల మొప్పల మీద తెల్లటి నలుసుల్లా అంటుకుని ఉన్నాయి. వాటిని నాన్నకు మాటల్లో చూపించాలని ఎంత ప్రయత్నించానో. "ఆవగింజంత ఉంటాయా?" అనేవాడు. "అంత కూడా ఉండవు." "మరి వాటికి గుండీ ఎక్కడ కోస్తాం!" అని పగలబడి నవ్వి, దగ్గి, పడుకునేవాడు.

ఇరవై ఒకటో రోజున ముగ్గురం మడుగు దగ్గరికి వెళ్ళాం. నీళ్ళలో ఏదో వాసన. నాకు తెలిసిన వాసన అది. కార్ఖానా వెనక గొయ్యి దగ్గర ఉండేది. ఏ చేపో చచ్చి ఉంటుందనుకున్నాను. మేడమ్ వల ఒక పక్క విప్పుతూ, "ఇప్పుడు నడవండమ్మా, మెల్లగా" అని నవ్వింది.

అమ్మ దిగింది. మేడమ్ నాటిన వరుసల మీద కుడికాలు ఆనించి, తలెత్తి దూరంగా చూస్తూ నిలబడింది. "ఉన్నాయి" అంది. ఇంకో అడుగు. "ఉన్నాయి." అక్కణ్ణుంచి నా వరుసల మీదికి వచ్చింది. కాలు ఆనించింది. తీసి, పక్కన ఆనించింది. చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత నాలుగడుగులు గబగబా వేసింది. అలా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"మూతులు కింద ఉన్నాయి" అంది.

మేడమ్‌కు అర్థం కాలేదు. "ఏమిటమ్మా?"

అమ్మ వంగి ఒక చిప్పను పీకింది. అది చేతిలోనే రెండుగా విచ్చుకుంది. లోపల ఏమీ లేదు, నల్లటి నీళ్ళు తప్ప. ఇంకొకటి పీకింది. ఇంకొకటి. మేడమ్ బూట్లతోనే దిగిపోయి రెండు చేతులా తవ్వడం మొదలుపెట్టింది. బలంగా ఉన్న చిప్పయితే తలకిందులుగా పెట్టినా ఎలాగో తిరిగి సర్దుకుంటుందట. ఇవి అరవై, డెబ్బై ఏళ్ళవి. మూడు రోజులు వేడినీళ్ళలో సొమ్మసిల్లినవి. పైగా చుట్టూ కదలకుండా రాళ్ళు బిగించాను నేను. ఎంత గట్టిగా బిగించానో నాకు తెలుసు.

నేను ఒడ్డునే ఉన్నాను. నా చేతుల వైపు చూసుకున్నాను.

"ఎవరు నాటారు ఇవి?" అంది మేడమ్. గట్టిగా కూడా అనలేదు.

చెప్పడానికి నోరు తెరిచాను. ఒట్టు, తెరిచాను.

"నేనేనమ్మా" అంది అమ్మ. "మీరు వెళ్ళాక నేను దిగాను. పిల్ల గంపలు అందించింది. కార్ఖానా అలవాటు, చెయ్యి అలాగే తిరిగింది. పిల్లకు తెలీదు."

మేడమ్ అమ్మ ముఖం చూసింది. నా ముఖమూ చూసింది. తర్వాత తలదించుకుని తవ్వుకుంటూ పోయింది. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. ఆ రోజు చీకటి పడే లోపల మూడుసార్లయినా చెప్పడానికి సందు దొరికింది. ప్రతిసారీ ఇంకాసేపాగి చెబుదామనుకున్నాను.

రెండొందల పద్నాలుగులో ముప్పై ఒకటి బతికాయి. అందులో ఇరవై ఎనిమిది మేడమ్ చేత్తో నాటినవే. బతికిన ఆడచిప్పలు కూడా కడుపులో ఉన్నవి పండకముందే విడిచేశాయి. చెయ్యడానికి ఇంకేమీ లేదు. మేడమ్ వాటిని తొట్లో పెట్టుకుని వెళుతూ, అమ్మ దగ్గర ఆగింది.

"మీరు ఇక ఏట్లో దిగొద్దమ్మా" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నా మీద పైవాళ్ళున్నారు. వాళ్ళకు నేనేదో ఒకటి చెప్పాలి."

"అట్లాగేనమ్మా" అంది అమ్మ.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర నాన్న అడిగితే అమ్మ ఆ మాటే చెప్పింది, తానే తలకిందులుగా నాటానని. చెప్పి గిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్ళింది. నాన్న ముద్ద కలుపుతూ ఆగాడు.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాను" అన్నాడు మెల్లగా. "మీ అమ్మ జన్మలో ఒక్క పెట్టె సర్దలేదు."

నేను పళ్ళెం ముందు నుంచి లేచిపోయాను. ఆయన మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. జోకులు మాత్రం తగ్గించేశాడు. ఇంట్లో ఆయన దగ్గు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

వర్షాలు పడే ముందు నాకు ఉద్యోగం కాగితం వచ్చింది. చేపల నుంచి నాలుగు వందల దాకా పిల్లలు రాలాయి. ఇసుకరేణువుల్లో ఇసుకరేణువుల్లా ఉన్నాయి, భూతద్దం పెడితే గానీ కనిపించవు. పళ్ళేల్లో ఇసుక పరిచి, వాటిని పెంచడం నా పని. రోజూ కొన్ని చనిపోయేవి.

అమ్మ ఏటివైపు పోవడం మానేసింది. ముప్పై ఏళ్ళు నీళ్ళలో నాని తెల్లగా, మెత్తగా ఉండే ఆవిడ పాదాలు రెండు నెలలకే ఎండి బీటలు వారాయి. మడమల్లో నెత్తురు కనిపించేది. సాయంత్రాలు వాకిట్లో కూర్చోబెట్టి నేను నూనె రాసేదాన్ని. వద్దనేది కాదు. ఒకరోజు రాస్తూ రాస్తూ ఏడుపు ఆపుకోలేకపోయాను.

"రేపు మేడమ్‌కు చెప్పేస్తానమ్మా."

"ఏమని?"

"నేనే చేశానని. నిన్ను మళ్ళీ ఏట్లోకి రానిస్తుంది."

అమ్మ పాదం వెనక్కి లాక్కోలేదు. "నిన్ను పంపేస్తారు" అంది. "నీ బదులు ఇంకెవర్నో పెడతారు. ఆ వచ్చేవాళ్ళ చేతులెట్లాంటివో నాకేం తెలుసు? నీ చేతులంటావా, ఆ తప్పు ఇంకోసారి చెయ్యవు. ఉన్న నాలుగు వందలూ నీ దగ్గరే ఉండనీ."

"నా కోసం చెప్పావనుకున్నాను."

"నీ కోసమే" అంది. "వాటి కోసం కూడా." తర్వాత, "మడమ దగ్గర ఇంకాస్త రాయి" అంది.

నాన్న ఆ చలికాలం దాటలేదు. డాక్టరుకు చూపించాం, చూపించిన తృప్తి ఒక్కటే మిగిలింది. మూడేళ్ళకు అమ్మా పోయింది. ఆవిడ పాదాలు ఆఖరుదాకా నీటి స్పర్శ లేక పొడిబారే ఉన్నాయి. మేడమ్ వచ్చి ఆ పాదాల దగ్గర చాలాసేపు కూర్చుంది. ఆవిడకు నిజం తెలుసో తెలీదో నేను ఇప్పటికీ అడగలేదు. అడగడానికి ఏ ముఖం పెట్టుకుని అడగను?

ఆ ఎండాకాలానికి ఇప్పటికి తొమ్మిదేళ్ళు. నాలుగు వందల్లో ముప్పై ఏడు మిగిలాయి. అరచేతిలో సగం ఉన్నాయి. వాటికి పిల్లల్ని కనే వయసు రావాలంటే ఇంకో మూడేళ్ళు పడుతుంది. వస్తుందో రాదో. మేడమ్ తొట్లో పెట్టుకున్న ముప్పై ఒక్క ముసలివీ మరో ఎండాకాలం చూడకుండానే పోయాయి, ఏట్లో ఆ రకం ఇంకొక్కటీ లేదు.

పోయిన నెల వాటిని ఏటి పాయలో నాటాం. కొత్తగా వచ్చిన ఇద్దరికి నేనే చూపించాను. మొదటి చిప్ప చేతిలోకి తీసుకోగానే నా మణికట్టు దానంతట అది కిందికి తిరిగింది. ఆపాను. వాళ్ళు నా ముఖంలోకి చూస్తున్నారు. చిప్పను పైకి తిప్పి, నాటాను. ముప్పై ఏడింటికీ ముప్పై ఏడుసార్లు చెయ్యి కిందికే తిరిగింది, ముప్పై ఏడుసార్లూ ఆపాను. అన్నీ అయ్యాక చెప్పులు విప్పేసి, ఎవరు వద్దంటున్నా వినకుండా, వాటి మీద మెల్లగా నడిచాను. తలెత్తి దూరంగా చూస్తూ ఒక్కోదాని మీదా కాలు ఆనించి ఆగాను. నా పాదాలకు ఏమీ తెలియలేదు. వంగి, ఒక్కొక్కదాన్నీ చేత్తో తడిమి చూసుకున్నాను.